ఎలుక కన్నాలు

గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు బొడ్డేపల్లి యామిని ఉడికిన కోడిగుడ్డు ఒలుస్తోంది. బల్లకు అవతల ఆమె గురువు సూరాడ ఎల్లాజీ రొట్టె తింటున్నాడు.

అది టర్కీలో మార్మరా సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రేవు పట్నం. విశాఖపట్నం నుంచి ఎల్లాజీ వచ్చాక అది నాలుగో రోజు. ఆ నాలుగు రోజుల్లో ఆయన రొట్టె గురించి మాట్లాడాడు. చలి గురించి మాట్లాడాడు. వీధి పిల్లుల గురించి రెండుసార్లు మాట్లాడాడు. ఆమె కట్టించుకుంటున్న పడవ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

యామినికి కావలసింది ఆ ఒక్క మాటే. ఆయన్ని విమానం ఎక్కించి రప్పించింది అందుకే.

"రొట్టి మెత్తగుందమ్మా," అన్నాడు ఎల్లాజీ. "మనూర్లో ఇలగ సెయ్యరు."

"మేస్త్రిగారూ, రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఫోము కొట్టేవాళ్ళు వస్తారు."

"ఊఁ."

"చలి ఆపే ఆ నురుగు గోడలన్నిటికీ పట్టి గట్టిపడ్డాక లోపల ఇనుము ఇంక కనిపించదు."

"కనిపించదు మరి."

"మీరు ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు."

ఎల్లాజీ కాసేపు ఆలోచించాడు. "రంగు బాగుంది," అన్నాడు.

"రంగింకా వెయ్యలేదండీ. అది తుప్పు పట్టకుండా పూసే ప్రైమరు."

"అదే. బాగుంది."

యామిని గుడ్డు పక్కన పెట్టేసింది. ఎల్లాజీ కింద పనిచేసిన వెల్డర్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పని అయిపోయిందనుకుంటే ఆయన "సరే" అంటాడు. "బాగుంది" అన్నాడంటే ఇంకా ఏదో ఉందని లెక్క.

ఎల్లాజీకి డెబ్బై ఒక్కేళ్ళు. జాలరిపేటలో తెప్ప మీద పెరిగాడు. ఓడలు కట్టే చోట ముప్పై నాలుగేళ్ళు ఇనప రేకు పని చేశాడు. అందులో చివరి పన్నెండేళ్ళు ఇతరులు చేసిన పనిని తనిఖీ చేయడమే ఆయన ఉద్యోగం. ఏడో తరగతి దాటలేదు. ఓడ ప్లాను గీతలు మాత్రం చదవగలడు, ఎక్కడ గీత తప్పిందో చెప్పగలడు.

యామినికి ముప్పై తొమ్మిది. పద్నాలుగేళ్ళు సరుకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేసింది. ఐదేళ్ళ కిందట సెలవులో వచ్చినప్పుడు ఎల్లాజీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, ఇనప పడవ పని నేర్పమని అడిగింది.

"ఓడలో ఇంజినీరువి. నీకు నాను నేర్పడమేటి," అన్నాడాయన.

"ఓడ నడపడం తెలుసండీ. కట్టడం తెలీదు."

ఆ మాట ఆయనకు నచ్చినట్టుంది. మొదటి సెలవంతా ఆమె చేత తుప్పు గోకించాడు. రెండో సెలవులో రేకు కోయించాడు. మూడో సెలవులో వెల్డింగు కర్ర చేతికిచ్చాడు. తన దగ్గర ఇంత వేగంగా నేర్చుకున్నవాళ్ళు లేరని ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఇతరులతో అన్నాడు. అది ఆమె చెవిన పడింది.

పడవ పొడవు నలభై రెండు అడుగులు. ఒళ్ళంతా ఇనుము, ఒకే తెరచాప స్తంభం. ఫైబరు పడవలు దీనికన్నా తేలిక, దీనికన్నా వేగం. కానీ నడిసముద్రంలో కొట్టుకొచ్చే దుంగ తగిలితే ఫైబరు పగులుతుంది, ఇనుముకు నొక్కు పడుతుంది. ఒంటరిగా వెళ్ళాలనుకునే మనిషి నొక్కునే ఎంచుకుంటుంది. ఇలాంటి చిన్న ఇనప పడవలు వరసగా కట్టే చోట్లు ప్రపంచంలో చాలా లేవు. యామిని మూడు దేశాలు తిరిగి చూసి ఈ యార్డును ఎంచుకుంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, యార్డుకు నడిచి వెళ్ళేంత దూరంలో గది తీసుకుని ఏడు నెలలుగా ఇక్కడే ఉంది. ఏప్రిల్ ఆఖరున పడవ నీళ్ళలో దిగాలి. వేసవంతా మధ్యధరాలో పడవను అలవాటు చేసుకోవాలి. నవంబరులో అట్లాంటిక్ దాటాలి.

ఈ ఏడు నెలల్లో ఆమె కళ్ళు దాటిపోయిన వెల్డింగు గీత లేదు. ఆ యార్డులో లోపలి అతుకులు కుట్టు వేసినట్టు వేస్తారు. బెత్తెడు వెల్డింగు, బెత్తెడు ఖాళీ. వాళ్ళ తాతల నాటి పద్ధతి. రెండో నెలలో ఒకచోట ఆ కుట్టు కూడా తప్పిపోయి ఉండటం చూసి ఆమె పని ఆపించింది. ఖాళీ అనేదే లేకుండా అన్నీ నిండుగా వెల్డింగు చేయాలంది. యార్డు మేస్త్రి జెవ్‌దెత్ ఆమెను చూసి, "హెప్సీ మీ?" అని అడిగాడు. అన్నీనా అని. ఆమె కూడా వాళ్ళ భాషలోనే, "హెప్సీ" అంది.

అప్పటినుంచి వెల్డర్లు ఆమెను చాటుగా హెప్సీ హానిమ్ అంటున్నారు. అన్నీ మేడం అని అర్థం. ఆమెకు తెలుసు. పేరు ఆమెకు నచ్చింది కూడా.

తొమ్మిది గంటలకు ఇద్దరూ యార్డుకు చేరారు. జెవ్‌దెత్ షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, బొద్దు మీసం, చెవి మీద పెన్సిలు. అక్కడ పనివాళ్ళు అతన్ని జెవ్‌దెత్ ఉస్తా అంటారు. ఉస్తా అంటే మేస్త్రి. ఎల్లాజీ ఆ మాట మొదటి రోజే పట్టుకుని, అతన్ని ఉస్తాదు అని పిలవడం మొదలెట్టాడు. జెవ్‌దెత్ దానికి అభ్యంతరం చెప్పలేదు. అతనికి తెలుగు రాదు. ఎల్లాజీకి టర్కీ భాష గానీ ఇంగ్లీషు గానీ రావు. రోజూ ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తారు.

యామిని దగ్గర ఫైలు ఉంది. దాన్ని పడవ పక్కన బల్ల మీద తెరిచింది.

"ఇవి ఇనప రేకు పరీక్ష కాగితాలు మేస్త్రిగారూ. ఇవి అతుకులకు తీయించిన ఎక్స్‌రేలు. మొత్తం అరవై రెండు. ఒక్కటీ ఫెయిల్ అవలేదు. ఇదిగో, బయటినుంచి గాలి పెట్టి చూసిన రిపోర్టు. సూదిమొన అంత లీకు లేదు."

ఎల్లాజీ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఎక్స్‌రే ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

జెవ్‌దెత్ ఆమె వైపు వంగి ఇంగ్లీషులో అడిగాడు. "ఏమంటున్నారు?"

"బాగుందన్నారు."

"మరి మీ మొహం ఎందుకలా ఉంది?"

ఎల్లాజీ ఫైలు మూసి, పడవ ముక్కు నుంచి తోక దాకా ఒకసారి నడిచి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మా, ఓ బాల్చీ కావాలి," అన్నాడు. "నిండా నీల్లు."

యామిని ఆగిపోయింది. తరవాత ఆమె ముఖం విప్పారింది. పడవ దించే రోజున ఆయన ఇక్కడ ఉండడు. శనివారమే తిరుగు ప్రయాణం. అందుకే గంగమ్మకు చేయవలసింది ఇప్పుడే చేసేస్తున్నాడు. జాలరిపేటలో కొత్త పడవకు నీళ్ళు చల్లి పసుపు కుంకుమ పెట్టడం ఆమె చూసింది. ఈయన "సరే" అనే పద్ధతి ఇదే కావచ్చు.

పడవ దించే రోజు కోసం ఇంటినుంచి తెచ్చుకున్న పసుపు, కుంకుమ పొట్లాలు ఆమె సంచిలోనే ఉన్నాయి. తీసి రెండు చేతులతో ఆయనకు అందించింది. జెవ్‌దెత్ పాత రంగు డబ్బా ఒకటి కడిగి, నిండా నీళ్ళు పట్టి తెచ్చాడు. ఇదేదో పూజ అని అతనికీ అర్థమైంది. టోపీ తీసి పట్టుకున్నాడు.

ఎల్లాజీ కుంకుమ పొట్లం వెనక్కి ఇచ్చాడు. "ఇది వుంచు. దించినప్పుడు పనికొస్తాది."

పసుపు పొట్లం విప్పి మొత్తం బాల్చీలో కుమ్మరించాడు. కింద పడి ఉన్న వెల్డింగు కర్ర ఒకటి తీసుకుని కలిపాడు. నీళ్ళు చిక్కటి పసుపు రంగుకు తిరిగాయి.

"నువ్వెల్లి ఎనక గుంట కాడ కూకో," అన్నాడు. "పసుపు నీల్లు వొస్తే సెప్పు."

పడవ అడుగున, ఇంజను పెట్టే చోటికి వెనకాల లోతైన గుంట ఒకటుంది. పంపు అక్కడ బిగిస్తారు. పడవలో ఎక్కడ నీరు చేరినా చివరికి ఆ గుంటలోకే రావాలి. అక్కడినుంచి పంపు దాన్ని బయటికి తోస్తుంది. ముక్కు నుంచి అక్కడిదాకా అడుగు రేకు ఏటవాలుగా ఉంటుంది. మధ్యలో పక్కటెముకల్లాగా అడ్డంగా పందొమ్మిది ఇనప ఫ్రేములు ఉంటాయి.

యామిని నిచ్చెన దిగి గుంట పక్కన గొంతుకూర్చుంది. టార్చి వెలిగించింది. టైము తొమ్మిదీ నలభై.

పూజ కాదని ఆమెకు అప్పటికి అర్థమైంది. కోపం రాలేదు. నవ్వు వచ్చింది. పెద్దాయన అందరికీ పెట్టే పరీక్షే తనకూ పెడుతున్నాడు. పెట్టనీ. ఈ పడవలో ఆమె చెయ్యి తగలని మూల లేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. గుంట పొడిగా ఉంది. పది నిమిషాలు గడిచాయి. పైన డెక్కు మీద ఎవరో నడిచారు. తొమ్మిదీ యాభై రెండుకు ఆమె గొంతెత్తింది.

"మేస్త్రిగారూ, పొయ్యండి. నేను రెడీ."

"పోసీసినాను," అని ముక్కు వైపు నుంచి ఎల్లాజీ గొంతు వినిపించింది.

"ఎప్పుడు?"

"నువ్వు కూకోకముందే."

యామిని మరో రెండు నిమిషాలు అక్కడే కూర్చుంది. తరవాత లేచి, టార్చి పట్టుకుని, వంగి, ఒక్కొక్క ఫ్రేమే దాటుకుంటూ ముందుకు వెళ్ళింది. పందొమ్మిది నుంచి రెండు దాకా అంతా పొడి. మొదటి ఫ్రేము మీదుగా అవతలికి టార్చి వేసింది.

పసుపు నీళ్ళు అక్కడ ఉన్నాయి. లంగరు గొలుసు పెట్టే గది కింద, బాల్చీ పరిమాణమంతా, కదలకుండా, చిన్న మడుగులా నిలబడి ఉన్నాయి. టార్చి వెలుగు అందులో గుండ్రంగా కనిపించింది.

ఆమె చెయ్యి దించి, నీళ్ళలో ఫ్రేము మూల తడిమింది. మూల నున్నగా ఉంది.

ప్రతి ఫ్రేము మూలల్లో, అడుగు రేకును తాకే చోట, రెండు వేళ్ళు పట్టేంత కంత ఒకటి వదలాలి. నీళ్ళు ఒక అరలోంచి మరో అరలోకి ఆ కంతల గుండా పాకి గుంటకు చేరతాయి. ఓడలు కట్టేవాళ్ళు వాటిని ఎలుక కన్నాలంటారు. ప్లాను గీతలో అవి ఉన్నాయి. రేకు కోసినప్పుడూ ఉన్నాయి. తరవాత ఎవరో వాటిని ఒక్కొక్కటే వెల్డింగుతో నింపి, అరగదీసి, నున్నగా చేశారు. ఎంత నున్నగా అంటే, మూడో నెలలో ఒకరోజు యామిని ఇలాంటి మూలనే వేలితో రాసి చూసి, ఆ వెల్డర్ భుజం తట్టింది.

ఆమె ముక్కు వైపు ముఖంగానే వెనక్కి జరుగుతూ రెండో ఫ్రేము చూసింది. మూసి ఉంది. మూడోది మూసి ఉంది. పక్క గోడల పొడవునా ఉన్న ఇనప పట్టీల మూలల్లో చూసింది. అక్కడా అంతే.

జెవ్‌దెత్ నిచ్చెన దిగి ఆమె వెనక నిలబడ్డాడు. మడుగు చూశాడు. పెన్సిలు చెవి మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నేను మిమ్మల్ని అడిగాను," అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. "హెప్సీ మీ అని. మీరు హెప్సీ అన్నారు."

"అతుకుల గురించి అన్నాను."

"అవును. ఖాళీ అనేదే వద్దన్నారు. నా మనిషి ఒకడు వచ్చి, ఉస్తా, ఈ మూలలు కూడానా అని అడిగాడు. మేడం అన్నీ అంది, కట్టెయ్ అన్నాను. ఆ రోజు నాకు మీ మీద కోపంగా ఉంది."

అతను చెప్పింది నిజమని యామినికి తెలుసు. ఎల్లాజీ గొలుసు గది అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. ఖాళీ బాల్చీ ఒళ్ళో ఉంది. ఆమె ఆయన వైపు తిరిగింది.

"మేస్త్రిగారూ, తప్పే. కాదనను. కానీ ఇది సూదిమొన లీకు లేని పడవ. మీరే చూశారు. మీరు బాల్చీతో పోస్తే తప్ప, దీని లోపలికి నీరెక్కడినుంచి వస్తుంది?"

ఎల్లాజీ బాల్చీ పక్కన పెట్టాడు. పక్కనున్న ఇనప రేకు దగ్గరికి మొహం తీసుకెళ్ళి, నోరు తెరిచి, హా అని ఒకసారి ఊదాడు. మార్చి నెల చలికి రేకు మంచులా ఉంది. బూడిదరంగు ప్రైమరు మీద అరచెయ్యంత మేర మసకబారింది. ఆయన చూపుడువేలితో ఆ మసక మీద గీత గీశాడు. గీత చివర ఒక నీటి బొట్టు చేరి, బరువెక్కి, కిందికి జారింది.

"నువ్వుంతావు గదా లోపల," అన్నాడు.

బొట్టు పక్క పట్టీ మీదికి దిగి, మూసేసిన మూలలో ఆగిపోయింది.

జెవ్‌దెత్‌కు మాట అర్థం కాలేదు. బొట్టు అర్థమైంది. ముందుగా తేరుకున్నది అతనే.

"వినండి," అన్నాడు యామినితో. "అడుగున ఉన్నవి ముప్పై ఎనిమిది. ఇప్పుడే నలుగుర్ని పెడితే సాయంత్రానికి తెరిచేస్తాం. అడుగున ఫోము ఉండదు కాబట్టి అక్కడ ప్రైమరు తరవాత పూసుకోవచ్చు. పక్కల్లో ఉన్నవి వదిలేద్దాం. రేపు పొద్దున్న ఫోము కొట్టించెయ్యండి. ఫోము కింద ఏముందో ఎవరికీ కనిపించదు. బీమా వాళ్ళకు కనిపించదు. మీ తరవాత పడవ కొనుక్కునేవాడికి కనిపించదు."

"అన్నీ తెరవాలంటే?"

"నూట పద్నాలుగు. ఆరు రోజులు. మళ్ళీ ప్రైమరు, అది ఆరడానికి రెండు రోజులు. ఫోము వాళ్ళు ఈలోగా వెళ్ళిపోతారు. వాళ్ళు మళ్ళీ ఇటు వచ్చేది మే నెలాఖరుకే."

"ఫోము ముందు కొట్టించి, తరవాత మెల్లగా కోసుకుంటే?"

జెవ్‌దెత్ తల అడ్డంగా ఊపాడు. "ఫోము పక్కన నిప్పురవ్వ పడితే పడవ మొత్తం అంటుకుంటుంది. ఫోము కొట్టాక లోపల కోతలు లేవు. ఆ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు."

తెలుసు. మే ఆఖరున ఫోము అంటే, జూలై ఆఖరుకు గానీ పడవ నీళ్ళలో దిగదు. వేసవి పోయినట్టే. పడవ గాలికి ఎలా వంగుతుందో, ఏ కెరటానికి ఎలా తిరుగుతుందో తెలియకుండా ఒంటరిగా అట్లాంటిక్‌లోకి వెళ్ళడం మూర్ఖత్వం. ఆమె మూర్ఖురాలు కాదు. అంటే ఈ ఏడు అట్లాంటిక్ లేదు. రాజీనామా ఇచ్చి వచ్చిన మనిషికి ఇంకో ఏడాది ఒడ్డున.

ముప్పై ఎనిమిది తెరిస్తే అవేవీ పోవు. పక్కల్లో చేరే నీరు చాలా తక్కువ. రాత్రికి నాలుగు బొట్లు. అది రేకును తినడానికి ఎనిమిదేళ్ళు పట్టవచ్చు, పదేళ్ళు పట్టవచ్చు. ఇవన్నీ ఆమె మనసులో లెక్క వేసుకుంది. లెక్కలో తప్పు లేదు.

ఆమె ఎల్లాజీ వైపు చూసింది. ఆయన ఆమెను చూడటం లేదు. ఒక గుడ్డపీలికతో బాల్చీ లోపల పసుపు తుడుస్తున్నాడు. అది పట్టుకుపోయింది, రావడం లేదు. దాని మీదే ఉంది ఆయన ధ్యాసంతా.

అడిగితే చెప్తాడేమో. ఆమె అడగలేదు.

"ఫోము వాళ్ళకు ఫోను చెయ్యండి ఉస్తా," అంది. "రేపు రావద్దని చెప్పండి."

జెవ్‌దెత్ ఆమెను ఒక క్షణం చూశాడు. మీసం కింద పెదవి కొద్దిగా కదిలింది.

"హెప్సీ మీ?" అన్నాడు.

"హెప్సీ," అంది యామిని. తరవాత వేలు పెట్టి చూపించింది. "ఈ మూల. ఈ మూల. పక్కన ఆ పట్టీ మూల. ఇలాంటివన్నీ. వేరే ఏదీ ముట్టుకోవద్దు. కాగితం మీద గీసి ఇస్తాను."

"గీసి ఇవ్వండి," అన్నాడు జెవ్‌దెత్. "ఈసారి నేను కూడా కోపంగా లేను."

అతను నిచ్చెన ఎక్కి వెళ్ళాడు. కాసేపటికి షెడ్డులో అతని ఫోను మాటలు, ఆ తరవాత వెల్డర్లను పిలిచే కేక వినిపించాయి. పైనెవరో నవ్వారు. హెప్సీ హానిమ్ అనే మాట ఆమెకు స్పష్టంగా వినబడింది. ఈసారి చాటుగా అన్నట్టు లేదు.

యామిని మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డతో పసుపు నీళ్ళు అద్ది బాల్చీలోకి పిండడం మొదలెట్టింది. ఎల్లాజీ బాల్చీని ఆమెకు అందే చోటికి జరిపాడు. మడుగు పూర్తిగా పొడి కావడానికి పావుగంట పట్టింది. ఆమె చేతులు మణికట్ల దాకా పసుపయ్యాయి.

"సరే," అన్నాడు ఎల్లాజీ లేస్తూ. "బాల్చీ ఉస్తాదుకిచ్చీ. ఆకలేస్తంది."

ఆ "సరే" దేనికో ఆమెకు తెలియలేదు. బాల్చీకి కావచ్చు.

శనివారం మధ్యాహ్నం ఎల్లాజీని విమానం ఎక్కించింది. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ, ఈ దేశంలో రోడ్లు బాగున్నాయన్నాడు. విమానాశ్రయంలో జెవ్‌దెత్ ఇచ్చిన రొట్టెల మూట సంచిలో సర్దుకున్నాడు. యామిని ఒంగి కాళ్ళకు దండం పెట్టింది.

"మేస్త్రిగారూ, అన్నీ తెరిచాక మళ్ళీ నీళ్ళు పోసి చూస్తాను."

"సూడు."

"మీరు లేకుండా."

"నానెందుకు. నీల్లకి దారి తెలుస్తాది," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

కోతలు ఆరు రోజులు అనుకున్నవి ఐదు రోజుల్లో అయ్యాయి. జెవ్‌దెత్ తానే సగం కోశాడు. ప్రతి కన్నంలోనూ యామిని రెండు వేళ్ళు పెట్టి చూసింది. ప్రైమరు మరో రెండు రోజులకు ఆరింది.

ఇరవై రెండో తారీఖు, శనివారం. జెవ్‌దెత్‌ను గుంట దగ్గర కూర్చోబెట్టి, ముక్కు దగ్గర బాల్చీ ఆమే ఒంపింది. పసుపు లేదు, మామూలు నీళ్ళే. నలభై ఆరు సెకన్లకు వెనకనుంచి జెవ్‌దెత్ కేక వేశాడు.

తడి తుడవడం మిగిలింది. అందుకోసం యామిని మొదటి మూడు ఫ్రేములూ దాటి, గొలుసు గది కిందికి బోర్లా పాకి, అక్కడ ఇరుకులో వెనక్కి తిరిగింది. ఏడు నెలల్లో ఆ ఫ్రేములను ఆమె వందసార్లు చూసింది. ప్రతిసారీ ఇవతలినుంచి, ముక్కు వైపు టార్చి వేసి చూసింది. ముక్కు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూడటం అదే మొదటిసారి.

మూడో ఫ్రేముకు ముక్కు వైపు ముఖం మీద, అడుగు మూల చుట్టూ, కొత్తగా పూసిన ప్రైమరు అంచు దాటి, సుద్దతో గీసిన పెద్ద సున్నా ఉంది. ఓడల తనిఖీలో తప్పు దొరికిన చోట అలా సున్నా చుట్టి పక్కన తారీఖు వేయడం ఆనవాయితీ. తలకట్టు చదునుగా గీసే ఆ మూడు అంకె ఎవరిదో ఆమెకు తెలుసు.

తారీఖు 10-3. మార్చి పది. ఎల్లాజీ టర్కీలో దిగిన సోమవారం. ఫోము వాళ్ళ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఆయన్ని పడవ దగ్గర వదిలి, ఆమె పావుగంట సేపు యార్డు ఆఫీసుకు వెళ్ళిన రోజు.